మా మామ ఏ లెక్కలో ఉన్నాడు?

2025 ఆగస్టులో ఊరికి వెళ్ళినప్పుడు మామతో పాటు చేను దగ్గరికి పోయాను. కంది మోకాలెత్తు వచ్చింది, మధ్య సాళ్ళల్లో పెసర కాయ పట్టి ఉంది, రాత్రి వాన పడిందేమో నల్లరేగడి చెప్పులకి ముద్దలు ముద్దలుగా అంటుకుంటోంది. మేము గట్టు మీద నిలబడి మాట్లాడుకుంటుంటే ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) మేడమ్ స్కూటీ రోడ్డు మీద పెట్టి నడుచుకుంటూ వచ్చింది, పంట నమోదుకి. చేతిలో ట్యాబ్, అందులో సర్వే నంబర్ నొక్కగానే భూమి ఎవరిదో పేరు అదే వచ్చేస్తుంది, ఏం పంట వేశారు, ఎన్ని ఎకరాలు, ఎప్పుడు విత్తారు అని అడిగి నింపుతుంది. విత్తిన తారీకు మామ చెప్పాడు, ఏ రకం విత్తనమో మామ చెప్పాడు, ఎకరానికి ఎన్ని కిలోలు పోసిందీ ఆయనే చెప్పాడు. చివర్లో చేనులో నిలబడమని ఫోటో తీసింది, మామ తలకి కట్టుకున్న తువ్వాల తీసి భుజం మీద వేసుకుని నిలబడ్డాడు. అంతా అయిపోయాక ఆ స్క్రీన్ నాకు కనిపించింది, రైతు పేరు అని ఉన్న చోట మా మామ పేరు లేదు, ఆ భూమి యజమాని, హైదరాబాద్‌లో ఉండే పటేలు పేరు ఉంది.

నేను అడిగితే మేడమ్ పాపం చాలా మర్యాదగానే చెప్పింది, నా చేతిలో ఏం లేదు సర్, పాస్‌బుక్ ఎవరి పేరు మీద ఉంటే అదే వస్తుంది అని. నిజమే, ఆమె తప్పు లేదు. ఒక్కొక్క ఏఈవోకి సుమారు 5 వేల ఎకరాల క్లస్టర్, ఎండలో వానలో అన్ని సర్వే నంబర్లు తిరగాలి. ఆమె వెళ్ళిపోయాక మామ నవ్వి, గిదంత మామూలే బిడ్డా, కాంటా దగ్గర గూడ గా పేరే వస్తది అన్నాడు.

మాది తాండూరు దగ్గర పల్లె. కందికి పేరున్న నేల, మా తాండూరు కందికి 2022లో జీఐ ట్యాగ్, అంటే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, ఆ రోజు నేను ఆఫీసులో అందరికీ చెప్పుకుని సంబరపడ్డాను. మామకి సొంత భూమి లేదు, ఐదెకరాలు కౌలుకి చేస్తాడు, ఎకరానికి 12 వేలు, అది కూడా ముందే ఇవ్వాలి. ఖాళీ రోజుల్లో కూలికి పోతాడు, అత్త ఏడాదంతా కూలికి పోతుంది. అప్పటినుంచి నాకు ఒకటే ఆలోచన, మన రాష్ట్రం గురించి ఇన్ని అంకెలు వస్తుంటాయి కదా, జనాభా ఇంత, ఆదాయం ఇంత, రైతులు ఇంతమంది అని, వాటిల్లో మా మామ ఎక్కడ ఉన్నాడు? సెలవు మిగిలిన నాలుగు రోజులూ సెన్సస్ పట్టికలు, రాష్ట్ర ప్రభుత్వం ఏటా వేసే సోషియో ఎకనామిక్ ఔట్‌లుక్ రిపోర్టులు ముందేసుకుని కూర్చున్నాను. నేను ఎకనామిక్స్ చదువుకున్నవాడిని కాదు, కానీ చదివినకొద్దీ ఒక విషయం స్పష్టంగా అర్థమైంది, అదే రాద్దామని ఇది.

ముందు జనాభా. 2011 సెన్సస్ ప్రకారం తెలంగాణ జనాభా 3 కోట్ల 50 లక్షలు, విస్తీర్ణం 1,12,077 చదరపు కిలోమీటర్లు, అంటే చదరపు కిలోమీటరుకి 312 మంది. ఇందులో 61 శాతం పల్లెల్లో, 39 శాతం పట్నాల్లో. అక్షరాస్యత 66.5 శాతం, ఆడవాళ్ళలో చూస్తే 58 దగ్గరే ఆగిపోయింది. వీటిల్లో నన్ను ఆపేసిన అంకె మాత్రం వేరే ఉంది. 2001 నుంచి 2011 వరకు పదేళ్ళలో పట్నాల జనాభా 38 శాతం పెరిగితే పల్లెల జనాభా పెరిగింది 2.13 శాతం. పదేళ్ళకి రెండు శాతం అంటే పల్లెలో పుట్టినవాళ్ళు పుట్టినట్టే బస్సెక్కేశారన్నమాట. మా బ్యాచ్‌లో టెన్త్ పాసైన వాళ్ళని లెక్కేసుకుంటే నాకు ఈ అంకె ఎవరూ వివరించక్కర్లేదు, తాండూరు స్టేషన్‌లో పొద్దున్న రైలు ఎక్కినవాళ్ళమే అందరం.

ఇంకో విషయం ఏంటంటే ఇవన్నీ 2011 అంకెలు. 2021లో జరగాల్సిన సెన్సస్ జరగలేదు, ఇప్పుడు 2027 మార్చి 1ని ఆధారంగా పెట్టుకుని చేస్తామని నోటిఫికేషన్ ఇచ్చారు. మధ్యలో 2024 నవంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఇంటింటి కుల సర్వే చేసింది, అందులో 3 కోట్ల 54 లక్షల మంది వివరాలు నమోదయ్యాయి, సుమారు 3 శాతం ఇళ్ళు కవర్ కాలేదు. బీసీలు ముస్లిం బీసీలతో కలిపి 56.33 శాతం, ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45 అని తేలింది. దాని మీద వాదనలు చాలా జరిగాయి, నేను అందులోకి పోను. కానీ ఒక రాష్ట్రం పదహారేళ్ళు పాత జనాభా లెక్క మీద నడవడం మంచిది కాదు, ఎందుకంటే రేషన్ కార్డుల కోటా దగ్గర్నుంచి చాలా విషయాలకి ఇంకా 2011 జనాభానే ఆధారం.

ఇక ఆదాయం. 2024-25కి తెలంగాణ తలసరి ఆదాయం 3,79,751 రూపాయలు అని ప్రకటించారు, దేశ సగటు 2,05,579. రాష్ట్ర జీఎస్‌డీపీ, అంటే ఏడాది మొత్తం ఉత్పత్తి విలువ, 16 లక్షల కోట్లు దాటింది. వినడానికి గర్వంగా ఉంటుంది, నాకూ ఉంటుంది, 2014-15లో ఇదే అంకె 1,24,104 ఉండేది. పదేళ్ళలో మూడింతలు. కొంత ధరలు పెరగడం వల్ల అనుకున్నా కూడా ఇది చిన్న విషయం కాదు.

అయితే ఈ తలసరి ఆదాయం అనే మాటని మనం జేబులో పడే డబ్బు అనుకుంటాం, అక్కడే పొరపాటు. రాష్ట్రంలో ఒక ఏడాదిలో పుట్టిన మొత్తం విలువని తీసుకుని, అందులోంచి యంత్రాల అరుగుదల లాంటివి తీసేసి, జనాభాతో భాగిస్తే వచ్చేది అది. కంపెనీల లాభాలు కూడా అందులోనే ఉంటాయి. నలుగురున్న ఇంటికి ఏడాదికి 15 లక్షలు అని లెక్క వస్తుంది, మామ ఇంట్లో నలుగురే.

జిల్లాల వారీగా చూస్తే ఇంకా తెలుస్తుంది. 2022-23లో రంగారెడ్డి జిల్లా తలసరి ఆదాయం 9 లక్షలు దాటింది, మా వికారాబాద్ జిల్లాది 2 లక్షల లోపే. రాష్ట్రంలో మొట్టమొదటిది రంగారెడ్డి, అట్టడుగున ఉన్నది మేము. ఇందులో గమ్మత్తు ఏంటంటే 2016 అక్టోబర్ 11 దాకా మేము కూడా రంగారెడ్డి జిల్లానే. ఆ రోజు పది జిల్లాలు ముప్పై ఒకటి అయ్యాయి, తర్వాత 2019లో ములుగు, నారాయణపేట కలిసి 33. అంతకుముందు రోజు వరకు మా ఊరు రాష్ట్రంలోనే సంపన్న జిల్లాల్లో ఒకటి, తెల్లారేసరికి వెనకబడ్డ జిల్లా. ఊర్లో ఏమీ మారలేదు, అదే చేను అదే బోరు, ఆఫీసుల మీద బోర్డులు మారాయి అంతే. నిజానికి మా వెనకబాటు అప్పుడు పుట్టలేదు, అప్పటిదాకా మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల ఆదాయం కింద కప్పబడి ఉంది. ఆ ఆఫీసులున్న శేరిలింగంపల్లి మండలం ఇప్పటికీ రంగారెడ్డి జిల్లాలోనే ఉంది, శంషాబాద్ ఎయిర్‌పోర్టు కూడా. పైగా జిల్లా ఆదాయం అంటే అక్కడ ఉత్పత్తి అయిన విలువ, అక్కడ ఉండేవాళ్ళు ఇంటికి తీసుకెళ్ళేది కాదు. అందుకే చిన్న జిల్లాలు చేయడం వల్ల ఇంకేం జరిగినా జరగకపోయినా, మా జిల్లా అసలు అంకె బయటపడటం మాత్రం చాలా మంచిదైంది అంటాను నేను.

ఇప్పుడు అసలు సంగతికొస్తా, వ్యవసాయం.

రాష్ట్ర విలువలో వ్యవసాయం, దాని అనుబంధ రంగాల వాటా 2024-25లో 17.3 శాతం. పని చేసేవాళ్ళలో మాత్రం 42.7 శాతం మంది ఇక్కడే ఉన్నారు. సర్వీసుల్లో మూడో వంతు మంది పని చేస్తుంటే వాళ్ళ దగ్గర మూడింట రెండొంతుల విలువ పుడుతోంది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి కాగితం మీద భాగించి చూశా, వ్యవసాయంలో ఒక మనిషి సృష్టించే విలువ ఒక రూపాయి అయితే మిగతా రంగాల్లో సగటున మూడున్నర రూపాయలు. ఆ 17 శాతంలో కూడా దాదాపు సగం పాడి, కోళ్ళు, గొర్రెలు, మాంసం నుంచి వచ్చేదే, కంది, పత్తి, వరి అన్నీ మిగిలిన దాంట్లోనే సర్దుకోవాలి.

పంటల దగ్గరికి వస్తే అందరూ చెప్పేది వరి గురించే, చెప్పాల్సిందే కూడా. 2022-23లో రెండు సీజన్లు కలిపి 1.2 కోట్ల ఎకరాల్లో వరి వేశారు, 258 లక్షల టన్నులు పండింది. చిన్నప్పుడు ఎండిపోయిన చెరువులు చూసినవాళ్ళకి ఇది కళ్ళారా చూసిన మార్పు. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు, కాలువలు, మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువులు, అన్నిటికన్నా ఎక్కువగా బోర్లు, ఇవన్నీ కలిస్తే వచ్చిన పంట అది. కానీ ఆ 1.2 కోట్ల ఎకరాలు అన్నప్పుడు వానాకాలం వేసిన ఎకరం యాసంగిలో మళ్ళీ వేస్తే రెండు ఎకరాలుగా లెక్క అని గుర్తుంచుకోవాలి, అంత నేల ఉన్నట్టు కాదు. మా వైపు వాన నమ్ముకునే చేన్లలో మధ్య సాళ్ళల్లో కాస్త పెసర తప్పితే ఒకటే పంట, జూన్‌లో విత్తితే డిసెంబర్, జనవరి దాకా అదే కంది. ఆరు నెలల పెట్టుబడి ఒకే ఒక్క కోతకి.

సరే, రాష్ట్రంలో రైతులు ఎంతమంది? ఇది చాలా చిన్న ప్రశ్న అనుకుని మొదలుపెట్టా. మూడు చోట్ల మూడు జవాబులు దొరికాయి.

2011 సెన్సస్‌లో సాగుదారులు 31.5 లక్షలు, వ్యవసాయ కూలీలు 59 లక్షలు. అంటే ఒక సాగుదారుకి దాదాపు ఇద్దరు కూలీలు. 2015-16 వ్యవసాయ సెన్సస్‌లో కమతాలు, అంటే ఒకరి సాగు కింద ఉన్న భూమి అంతా ఒక కమతం, 59.48 లక్షలు, సగటు కమతం సరిగ్గా ఒక హెక్టారు, మన లెక్కలో రెండు ఎకరాల పంతొమ్మిది గుంటలు. అంతకు ముందు లెక్క 2010-11లో అది 1.12 హెక్టార్లు ఉండేది, అన్నదమ్ములు పంచుకున్నకొద్దీ తగ్గుతూ వస్తోంది, అందులో 88 శాతం మంది ఐదెకరాల లోపు సన్న, చిన్నకారు వాళ్ళే. ఇక మూడోది సర్కారు ఎకరాల లెక్కన ఇచ్చే పెట్టుబడి సాయం, రైతు భరోసా లెక్క, 2025 జూన్‌లో డబ్బులు పడ్డది దాదాపు 70 లక్షల మంది పట్టాదారులకి.

31 లక్షలు, 59 లక్షలు, 70 లక్షలు. ఏళ్ళు వేరు నిజమే, కానీ పల్లెల జనాభా కదలకుండా ఉన్న రాష్ట్రంలో ఆ తేడా ఏళ్ళ వల్ల వచ్చింది కాదు. మొదటిది పనిని లెక్కపెట్టింది, నువ్వు ఏడాదిలో ఎక్కువ రోజులు ఏం పని చేశావ్ అని మనిషిని అడిగింది. రెండోది కమతాన్ని లెక్కపెట్టింది. మూడోది పాస్‌బుక్‌ని లెక్కపెట్టింది. ముగ్గురికీ మనం రైతు అనే ఒకటే పేరు వాడుతున్నాం. భార్య పేరు మీద రెండెకరాలు, కొడుకు పేరు మీద రెండెకరాలు ఉండి ఉద్యోగం చేసుకునే కుటుంబం మూడో లెక్కలో ఇద్దరు రైతులు. మా మామ మూడో లెక్కలో సున్నా.

రెండో లెక్కలో ఉండాలి నిజానికి. వ్యవసాయ సెన్సస్ పద్ధతి ప్రకారం భూమి ఎవరిదన్నది కాదు, ఎవరు సాగు చేస్తున్నారన్నదే కమతానికి ఆధారం. రాసుకున్న నియమం బంగారం లాంటిది. కాకపోతే భూమి రికార్డులు ఉన్న మనలాంటి రాష్ట్రాల్లో ఇంటింటికీ తిరిగి అడగరు, రికార్డుల్లోంచే తీసి పట్టికలు వేస్తారు. రికార్డులో కౌలుదారు ఉంటేనే కదా పట్టికలోకి వచ్చేది. పాత పహాణీలో, అంటే ఏటా రాసే ఊరి భూమి రికార్డులో, అనుభవదారు అని ఒక కాలమ్ ఉండేది, మా తాత వాటిని రేకు పెట్టెలో దాచేవాడు, నీలి సిరాతో వంకరటింకర అక్షరాలు, పట్టాదారు పక్కన ఆ ఏడు సాగు చేసిన వాళ్ళ పేరు. 2017 భూ రికార్డుల ప్రక్షాళన తర్వాత కొత్త పాస్‌బుక్కులు, 2020లో ధరణి అనే భూమి రికార్డుల పోర్టల్ వచ్చేసరికి ఆ కాలమ్ తీసేశారు. భూమి ఎవరిదో తేలితే గొడవలు తగ్గుతాయి అన్నది ఉద్దేశం కావచ్చు, కానీ ఒక్క కాలమ్ పోవడంతో లక్షల మంది రికార్డులోంచి పోయారు.

ఎంతమంది పోయారు అంటే సర్కారు అంకె లేదు, లెక్కపెట్టే చోటే లేదు కాబట్టి. 2022లో రైతు స్వరాజ్య వేదిక అనే సంస్థ వాళ్ళు ఇరవై జిల్లాల్లో ఏడు వేలకి పైగా రైతుల్ని కలిసి చేసిన సర్వేలో సుమారు 36 శాతం మంది కౌలుదారులని తేలింది. ప్రతి ముగ్గురిలో ఒకరు అనుకోండి. మా ఊర్లో అయితే నాకు ఆ అంకె ఎక్కువ అనిపించలేదు, నేను వేళ్ళ మీద లెక్కేస్తే మా వాడలో సగం మంది చేసేది వేరేవాళ్ళ చేనే.

లెక్కలో లేకపోతే ఏమవుతుంది, పని చేసుకుంటున్నాడు కదా అని ఒక ఫ్రెండ్ అన్నాడు నాతో. ఏమవుతుందో మామ ఐదెకరాలతోనే చెప్తాను. పోయినేడు కాస్త వాన దెబ్బ తగిలి ఎకరానికి నాలుగు క్వింటాళ్ళు వచ్చింది, మొత్తం ఇరవై క్వింటాళ్ళు. 2024-25 మద్దతు ధర 7,550 చొప్పున లక్షా యాభై ఒక్క వేలు. కౌలు 60 వేలు తీసేస్తే 91 వేలు. అందులోంచి దున్నకం, విత్తనం, డీఏపీ, కాయతొలిచే పురుగుకి మూడు సార్లు మందు, కోత కూలి, కొట్టించిన మిషన్ కిరాయి, మార్కెట్‌కి ట్రాలీ. పెట్టుబడికి బ్యాంకు పంట రుణం రాదు ఎందుకంటే పాస్‌బుక్ లేదు, కాబట్టి బయట నూటికి రెండు రూపాయలు, ఒక్కోసారి మూడు. ఆరు నెలలు భార్యాభర్తలిద్దరూ చేసిన పనికి మిగిలింది ఎంతో మామ నోటితో చెప్పలేదు, ఈసారి అప్పు పెరగలే అన్నాడు, అంతే. ఇదే ఐదెకరాల మీద 2025 జూన్‌లో రైతు భరోసా ఎకరానికి 6 వేలు చొప్పున 30 వేలు పడింది, పటేలు అకౌంట్‌లో. అమ్మిన కంది డబ్బులు కూడా ముందు అక్కడే పడతాయి, కొనుగోలు కేంద్రంలో పంట నమోదులో ఉన్న పేరుకే చెల్లిస్తారు కదా, మామ ఫోన్ చేసి పటేలా పైసలు పడ్డయా అని అడగాలి. ఆ పెద్దమనిషి నిజాయితీపరుడు, రెండో రోజే పంపించేస్తాడు, ఒక్క రూపాయి ఆపలేదు ఎప్పుడూ. అందరికీ అలాంటి పటేలు దొరకడు కదా.

అన్నిటికంటే నాకు బాధ అనిపించేది రైతు బీమా. 2018 ఆగస్టు నుంచి ఉన్న పథకం, 18 నుంచి 59 ఏళ్ళ రైతు ఏ కారణంతో చనిపోయినా ఇంటికి 5 లక్షలు, నిజంగా చాలా కుటుంబాలు దాని వల్ల నిలబడ్డాయి, నేను చూశాను. మా పక్క వాడలో ఒకాయన రాత్రిపూట మోటర్ వేయడానికి వెళ్ళి కరెంటు షాక్‌తో పోయాడు, కౌలు చేను. ఆయన చనిపోయింది వ్యవసాయం చేస్తూనే, పొలంలోనే, స్టార్టర్ డబ్బా పక్కనే. కానీ పాస్‌బుక్ లేదు కాబట్టి రైతు కాదు. ఆయన భార్య ఆఫీసు చుట్టూ తిరిగిన రోజుల్లో ఒకసారి అర్జీ నేనే రాసిచ్చాను, వృత్తి అని ఉన్న చోట వ్యవసాయం అని రాస్తే అక్కడ కొట్టేసి కూలి అని రాయించారు.

భూమి ఉన్నవాళ్ళ భయం కూడా నేను అర్థం చేసుకోగలను, అది ఊరికే పుట్టింది కాదు. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టంలో రక్షిత కౌలుదారులు అని ఉండేది, 38-ఇ సర్టిఫికెట్ల కింద వాళ్ళకి భూమి హక్కులే వచ్చాయి. అది అప్పటి దొరల రోజులకి న్యాయమైన పనే. అయితే కౌలుదారు పేరు ఎక్కడ రాసినా రేపు భూమి పోతుంది అన్న మాట అప్పటినుంచి తాతల నుంచి మనవళ్ళ దాకా పాకింది, అందుకే రాతపూర్వకంగా ఎవరూ ఇవ్వరు, అంతా నోటిమాట. దానికి మందు ఏంటో కూడా మనకి తెలుసు. 2011లో ఉమ్మడి రాష్ట్రంలోనే సాగుదారులకి రుణ అర్హత కార్డులు ఇచ్చే చట్టం చేశారు, కార్డు ఏడాదికే, భూమి మీద ఏ హక్కూ రాదు. ఇక్కడ అది మెల్లగా ఆగిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో దాన్ని మార్చి పదకొండు నెలల సాగు హక్కు పత్రం చేశారు, భూమి యజమాని సంతకం కావాలి అనే షరతు వల్ల అక్కడా అందరికీ అందట్లేదు, కానీ కనీసం ఒక కాగితం ఉంది. మనకి 2025 జనవరి 26న మొదలైన ఇందిరమ్మ ఆత్మీయ భరోసా ఉంది, భూమిలేని కూలీ కుటుంబానికి ఏడాదికి 12 వేలు, 2023-24లో ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పనిచేసి ఉండాలి. ఆ ఏడు మామ కౌలు చేను పనిలో పడి ఉపాధి హామీకి పోయింది పన్నెండు రోజులే, అత్తకి జ్వరాలు. రైతు అన్న లెక్కలో రాలేదు, కూలి అన్న లెక్కలోనూ రాలేదు.

ఇదంతా చదువుతుంటే నాకు కాస్త ధైర్యం ఇచ్చింది ఒక్కటి దొరికింది. జాతీయ నమూనా సర్వే వాళ్ళు వ్యవసాయ కుటుంబాల పరిస్థితి మీద సర్వే చేస్తారు. 2003లో చేసినప్పుడు సొంతమో కౌలో ఎంతో కొంత భూమి చేతిలో ఉంటేనే రైతు కుటుంబం అని లెక్క. పదేళ్ళ తర్వాత దాన్ని మార్చేశారు, భూమి ఉన్నా లేకపోయినా సరే, ఏడాదికి ఒక మొత్తానికి మించి పంటో పాలో పండించి, ఇంట్లో ఒక్కరైనా సొంతంగా సాగు చేస్తుంటే అది వ్యవసాయ కుటుంబమే. 2018-19లో ఆ మొత్తం 4 వేలు. అంటే ఆ సర్వేలో మా మామ రైతే! ఎవరో ఢిల్లీలో కూర్చుని ఒక్క వాక్యం సరిగ్గా రాస్తే మామలాంటి కుటుంబాలు లెక్కలోకి వచ్చేశాయి, కష్టమేమీ కాలేదు. ఆ సర్వేలో తెలంగాణ వ్యవసాయ కుటుంబం నెల ఆదాయం సగటున 9,403 రూపాయలు, కూలి, పంట, పాడి అన్నీ కలిపి, ఇంటి మొత్తానికి. అప్పు ఉన్న కుటుంబాలు 91.7 శాతం, సగటు అప్పు లక్షా యాభై రెండు వేలు. అదే ఏడాది రాష్ట్ర తలసరి ఆదాయం రెండు లక్షలు దాటింది, ఒక మనిషికి. రెండు అంకెలూ ఒకే రాష్ట్రానివి, రెండూ నిజమే, మామని కలుపుకున్న అంకె మాత్రం మొదటిదే.

ఇంకో పోలిక కూడా రాయాలి. 2019 పశుగణనలో తెలంగాణ గొర్రెలు 1.9 కోట్లు, దేశంలోనే మొదటి స్థానం. ఇల్లిల్లూ తిరిగి, మేతకి వలసపోయిన మందల్ని కూడా వదలకుండా, ఆడవి ఎన్ని, మగవి ఎన్ని అని లెక్కపెట్టారు. చాలా మంచి పని అది, దాని వల్లే మందులు, టీకాలు ఎంత కావాలో తెలుస్తుంది. అలా ఇల్లిల్లూ తిరగగలిగే సిబ్బంది, ట్యాబ్‌లు మనకి ఉన్నాయి. 2,601 రైతు వేదికలు ఉన్నాయి, ప్రతి క్లస్టర్‌కి ఏఈవో ఉన్నారు, పంట నమోదుకి చేనులోకి వస్తున్నారు, మామని ఫోటో కూడా తీస్తున్నారు. ఆ ట్యాబ్‌లో ఇంకొక్క గడి పెడితే సరిపోతుంది, సాగు చేస్తున్నవారు అని. భూమి హక్కుకి సంబంధం లేదు అని దాని కిందే రాసి పెట్టొచ్చు.

ఊరి నుంచి వచ్చే ముందు రాత్రి అరుగు మీద కూర్చుని మామకి ఇవన్నీ చెప్పాను. 2011లో జనాభా లెక్కలవాళ్ళు వచ్చినప్పుడు ఏం చెప్పావు మామా అని అడిగా. ఆయన కాసేపు ఆలోచించి, సారు అచ్చిండు, ఏం పని జేస్తవంటే ఎవుసం అన్న, భూమున్నదా అంటే లేదన్న, కూలి అని రాసుకున్నడు అన్నాడు. సెన్సస్ నియమాల్లో చూస్తే వేరేవాళ్ళ భూమిని డబ్బుకో, పంటలో పాలుకో తీసుకుని సాగు చేసినా సాగుదారే అని స్పష్టంగా ఉంది. అది చదివి వినిపించాను. ఈసారి 2027 ఫిబ్రవరిలో మనుషుల లెక్కకి వస్తారు మామా, భూమి ఉందా అని అడిగితే లేదని ఊరుకోకు, కౌలుకి చేస్తున్నా, సాగుదారు అని రాయమని గట్టిగా చెప్పు, అత్త పేరు కూడా అట్లనే రాయించు అన్నాను.

అత్త లోపల్నుంచి నా పేరెందుకు బిడ్డా అంది. నువ్వు కలుపు తీయట్లేదా, కోత కోయట్లేదా అన్నాను.

మామ బీడీ ఆర్పి వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకున్నాడు. "ఫిబ్రవరిలనా? గప్పటికి కంది కొట్టుడు అయిపోతది. ఇంట్లనే ఉంట, రమ్మను."